రెండు కీబోర్డులు, ఒకే యాంప్లిఫయర్: శబ్దాలు ఎక్కడ కలవాలి?

ఊళ్లో ఆర్కెస్ట్రా స్టేజి కావచ్చు, ఆదివారం చర్చి ఆరాధన కావచ్చు, భజన మండలి కార్యక్రమం కావచ్చు. ఇద్దరు కీబోర్డు వాయిస్తుంటారు. లేదా ఒక్కరే రెండు కీబోర్డులను స్టాండు మీద ఒకదాని పైన ఒకటి పెట్టుకుని, పైదాని మీద స్ట్రింగ్స్, కిందిదాని మీద పియానో పట్టుకుంటారు. యాంప్లిఫయర్ వెనక్కి వెళ్లి చూస్తే ఖాళీగా ఉన్న ఇన్‌పుట్ ఒక్కటే. అప్పుడు ఎవరో ఒకరు బ్యాగులోంచి వై ఆకారంలో ఉండే వైరు తీస్తారు. ఒక పక్క రెండు పి-38 పిన్నులు (కీబోర్డులకు గుచ్చే పావు అంగుళం పిన్నులు), మరో పక్క ఒకటి. రెండు కీబోర్డులనూ దానికి తగిలిస్తారు. శబ్దం వస్తుంది. శబ్దం వస్తుంది కాబట్టే ఆ పద్ధతి తప్పని చాలామందికి ఏళ్ల తరబడి అనుమానం కూడా రాదు.

వై వైరు చెడ్డదేమీ కాదు. ఒక కీబోర్డు నుంచి వచ్చే శబ్దాన్ని రెండు యాంప్లిఫయర్లకు పంపాలంటే అది చక్కగా పనిచేస్తుంది. తిరగేసి వాడినప్పుడే చిక్కు. ఒక ఔట్‌పుట్‌ను చాలా ఇన్‌పుట్లకు పంచవచ్చు. కానీ రెండు ఔట్‌పుట్లను ఒక ఇన్‌పుట్‌లోకి తేవాలంటే మధ్యలో వాటిని కలిపే పరికరమంటూ ఒకటి ఉండాలి. వైరు ఆ పని చేయలేదు.

పల్లెల్లో బోరు మోటార్లు చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. రెండు మోటార్లను ఒకే పైపుకు కలిపేటప్పుడు ఒక్కోదానికీ నాన్ రిటర్న్ వాల్వు పెట్టిస్తారు. లేకపోతే ఒక మోటారు తోసిన నీళ్లు ట్యాంకులోకి ఎక్కడం మాని రెండో బోరులోకి దిగిపోతాయి. కీబోర్డుల విషయంలోనూ జరిగేది అదే. మొదటి కీబోర్డు పంపిన విద్యుత్తుకు ముందు రెండు దారులుంటాయి. ఒకటి యాంప్లిఫయర్ ఇన్‌పుట్, రెండోది పక్క కీబోర్డు ఔట్‌పుట్. ఏ దారిలో అడ్డు తక్కువో విద్యుత్తు ఎక్కువగా అటే పోతుంది. ఆ అడ్డునే ఇంపీడెన్స్ అంటారు. యాంప్లిఫయర్ లైన్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ సాధారణంగా 10 కిలో ఓమ్‌లు, అంతకంటే ఎక్కువ. కీబోర్డు ఔట్‌పుట్ ఇంపీడెన్స్ మాత్రం కొన్ని వందల ఓమ్‌ల నుంచి ఒక కిలో ఓమ్ దాకా ఉంటుంది. అంటే పక్క కీబోర్డు దారి యాంప్లిఫయర్ దారి కంటే పది రెట్లు తేలిక.

లెక్క వేసి చూద్దాం. రెండు కీబోర్డులకూ ఔట్‌పుట్ ఇంపీడెన్స్ 1 కిలో ఓమ్, యాంప్లిఫయర్ ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌లు అనుకుందాం. ఒక్క కీబోర్డే తగిలించి ఉంటే సంకేతంలో పదకొండో వంతు మాత్రమే పోతుంది, అంటే ఒక డెసిబెల్ కూడా కాదు. చెవికి తెలియదు. రెండోదాన్ని వై వైరుతో కలిపిన మరుక్షణం మొదటిదాని శబ్దం సగానికి పడిపోతుంది. సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. వాయించే వ్యక్తి వాల్యూమ్ పెంచుతాడు. పక్కవాడి శబ్దం కూడా తగ్గింది కాబట్టి అతనూ పెంచుతాడు. ఇద్దరి కీబోర్డుల్లోని చివరి ఐసీలు, అంటే శబ్దాన్ని బయటికి పంపే చిప్పులు, తాము మోయాల్సిన బరువుకు కొన్ని రెట్లు మోస్తుంటాయి. ఔట్‌పుట్ ఇంపీడెన్స్ 100 ఓమ్‌లే ఉన్న కీబోర్డుల్లో పరిస్థితి ఇంకా కష్టంగా ఉంటుంది. అక్కడ ఐసీకి ఎదురయ్యే మొత్తం అడ్డు దాదాపు 200 ఓమ్‌లే. ఈ రకం ఐసీలు చాలావరకు 600 లేదా 2000 ఓమ్‌ల బరువును మోసేందుకు తయారైనవి. కాబట్టి రెండు చేతులతో గట్టిగా కార్డ్ కొట్టినప్పుడు, పెద్ద స్వరాల దగ్గర శబ్దం చీలినట్టు, గరగరమన్నట్టు వస్తుంది. చాలాచోట్ల 'స్పీకరు పోయింది' అని స్పీకరు మార్చేది ఈ గరగరకే.

ఇంకో వింత కూడా కనిపిస్తుంది. పాట మధ్యలో ఒకరు తమ కీబోర్డు ఆఫ్ చేస్తే రెండోదాని శబ్దం కూడా ఒక్కసారిగా అణిగిపోతుంది. చాలా కీబోర్డుల్లో ఆన్, ఆఫ్ చేసేటప్పుడు స్పీకర్లో ధబ్‌మనే శబ్దం రాకుండా ఔట్‌పుట్‌ను భూమికి, అంటే సర్క్యూటు గ్రౌండుకు, కలిపేసే మ్యూట్ ఏర్పాటు ఉంటుంది. ఆ కీబోర్డు ఒంటరిగా ఉన్నప్పుడు అది మంచి ఏర్పాటే. వై వైరులో కలిసినప్పుడు అది పక్కవాడి శబ్దాన్ని కూడా భూమిలోకి లాగేస్తుంది.

ఇలా కలిపితే కీబోర్డు కాలిపోతుందా అని అడిగేవారు ఉంటారు. ఒక సాయంత్రం వాడితే కాలిపోవడం అరుదు, ఎందుకంటే ఔట్‌పుట్ దగ్గర తయారీదారులు ఒక రక్షణ రెసిస్టర్ పెడతారు. కానీ కాలలేదు కాబట్టి సరైనదే అనుకోవడం పొరపాటు. నెలల తరబడి రోజూ ఆ ఐసీలను వేడెక్కించి, శబ్దాన్ని పాడు చేసుకుని మరీ ఆ కలిపే పరికరం డబ్బు మిగిల్చుకోవడంలో అర్థం లేదు.

అత్యవసరానికి రెండు రెసిస్టర్లు

మిక్సర్ (శబ్దాలను కలిపే పరికరం) లేదు, కార్యక్రమం గంటలో ఉంది అన్నప్పుడు టంకం వేయగలిగినవారికి ఒక దారుంది. వై వైరులో ఒక్కో కీబోర్డు వైపు, వేడి వైరు మీద, అంటే పిన్ను కొన నుంచి వచ్చే తీగ మీద, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి వేయాలి. ధర ఒకటి రెండు రూపాయలు. ఇప్పుడు మొదటి కీబోర్డు నుంచి రెండోదానిలోకి వెళ్లాలంటే విద్యుత్తు రెండు రెసిస్టర్లనూ దాటాలి, కాబట్టి ఒకదాన్నొకటి పీల్చుకోవడం బాగా తగ్గిపోతుంది. బోరు మోటారు పోలికలో ఇది వాల్వు కాదు, ఇరుకు పైపు. వెనక్కి పోవడాన్ని పూర్తిగా ఆపదు గానీ చాలినంత తగ్గిస్తుంది.

దీనికి మూల్యం ఉంది. ఇన్‌పుట్ ఇంపీడెన్స్ బాగా ఎక్కువగా ఉన్న యాంప్లిఫయర్ మీద 6 డెసిబెల్‌లు, 10 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్ మీదైతే దాదాపు 10 డెసిబెల్‌లు తగ్గుతుంది. దాన్ని యాంప్లిఫయర్ గెయిన్ (వచ్చిన సంకేతాన్ని పెంచే నాబు) పెంచి సరిచేసుకోవచ్చు. వైరు పొడుగు మాత్రం జాగ్రత్తగా చూడాలి. రెసిస్టర్ల తర్వాతి వైరులోకి సంకేతం కాస్త బలహీనంగా వెళుతుంది. మామూలు షీల్డ్ వైరుకు మీటరుకు 100 పికోఫారడ్ల లెక్కన కెపాసిటెన్స్ వేసుకుంటే, 10 మీటర్ల వైరుతో పెద్ద నష్టం ఉండదు. 30 మీటర్లు లాగితే మాత్రం 10 కిలోహెర్ట్జ్ దగ్గర నుంచే పై శబ్దాలు తగ్గి పియానో మొద్దుబారినట్టు వినిపిస్తుంది. రెసిస్టర్లను యాంప్లిఫయర్ దగ్గరగా, చిన్న రేకు డబ్బాలో పెట్టుకుంటే ఆ నష్టం తప్పుతుంది, బయటి హమ్ (బొంయ్‌మనే మోత) కూడా తగ్గుతుంది.

అసలైన దారి: మిక్సర్

రెండు శబ్దాలను నిజంగా కలపడానికి తయారైనది మిక్సర్. దాని లోపల ఉండే సర్క్యూటు తెలివి మెచ్చుకోదగింది. ప్రతి చానల్ నుంచి వచ్చే సంకేతం ఒక రెసిస్టర్ గుండా ఒకే బిందువు దగ్గరకు చేరుతుంది. ఆ బిందువును ఆప్ ఆంప్ ఐసీ ఎప్పుడూ సున్నా వోల్టుల దగ్గరే నిలబెడుతుంది. అది నేరుగా భూమికి కలవదు, కానీ భూమిలాగే ప్రవర్తిస్తుంది. కాబట్టి మొదటి కీబోర్డు దృష్టిలో ఆ బిందువు దగ్గర ఏ వోల్టేజీ లేదు. రెండో కీబోర్డు దృష్టిలోనూ అంతే. ఒకరు పెంచినా, తగ్గించినా, ఆఫ్ చేసినా మరొకరికి ఆ సంగతే తెలియదు. కలయిక మాత్రం పూర్తిగా జరుగుతుంది. వై వైరు చేయలేనిది ఇదే.

చిన్న నాలుగు చానళ్ల మిక్సర్ చాలు. ఒక్కో కీబోర్డును లైన్ ఇన్‌పుట్‌లో పెట్టి, మిక్సర్ మెయిన్ ఔట్ నుంచి ఒకే వైరు యాంప్లిఫయర్‌కు తీసుకెళ్లాలి. కీబోర్డు వాల్యూమ్ ముప్పావు వంతు దగ్గర ఉంచి, గట్టిగా వాయిస్తూ మిక్సర్ గెయిన్ సర్దాలి. ఎర్ర లైటు అప్పుడప్పుడు మెరిసినా తగ్గించాలి. కీబోర్డు దగ్గర వాల్యూమ్ పావు వంతు పెట్టి లోటంతా మిక్సర్‌లో పెంచితే శబ్దంతో పాటు సర్క్యూట్ల సుస్సు కూడా పెరుగుతుంది. పాట మధ్యలో అందరూ ఆగినప్పుడు ఆ సుస్సు వినిపిస్తుంది.

కొత్తగా యాంప్లిఫయరే కొనాలనుకునేవారికి కీబోర్డు యాంపులు ఉన్నాయి. వీటిలో మిక్సర్ లోపలే ఉంటుంది. రోలాండ్ కేసీ వరుసలో కేసీ-80కి 3 చానళ్లు, 50 వాట్లు, 10 అంగుళాల స్పీకరు. కేసీ-200కి 4 చానళ్లు, 100 వాట్లు, 12 అంగుళాల స్పీకరు. చానల్‌కు ఒక వాల్యూమ్ నాబు ఉంటుంది కాబట్టి ఇద్దరు వాయించే చోట విడిగా మిక్సర్ మోసుకెళ్లాల్సిన పని లేదు. గిటార్ యాంపును వాడుకోవడం మాత్రం మంచి ఆలోచన కాదు. గిటార్ యాంపు స్పీకరు 5 కిలోహెర్ట్జ్ దాటాక వేగంగా తగ్గిపోతుంది. గిటార్‌కు అదే అందం. పియానో, గంటలు, తాళాల శబ్దాలకు ఆ పైభాగమే ప్రాణం.

మైక్ ఇన్‌పుట్ మోసం

మన చర్చిల్లో, గుళ్లలో, ఫంక్షన్ హాళ్లలో ఎక్కువగా కనిపించేది అహుజా రకం పీఏ, అంటే మైకు సెట్టు, యాంప్లిఫయర్. దానికి మైక్ ఇన్‌పుట్లు చాలా ఉంటాయి, ఆక్స్ ఇన్‌పుట్లు (కీబోర్డులాంటి బలమైన సంకేతానికి ఇచ్చినవి) మాత్రం ఒకటో రెండో. వరుసగా ఖాళీ సాకెట్లు కనిపిస్తుంటే రెండు కీబోర్డులనూ రెండు మైక్ ఇన్‌పుట్లలో పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. లోపల మిక్సర్ ఉన్న మాట నిజమే, కలయిక కూడా సరిగానే జరుగుతుంది. తేడా సంకేతం బలంలో ఉంది. మైక్ ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులు. కీబోర్డు లైన్ ఔట్‌పుట్ 0.3 వోల్టుల నుంచి 1.2 వోల్టుల దాకా ఇస్తుంది. అంటే వంద రెట్లకు పైగా. మైక్ సర్క్యూటు మొదటి మెట్టు దగ్గరే శబ్దం చితికిపోతుంది, ఆ తర్వాత వాల్యూమ్ ఎంత తగ్గించినా చితికిన శబ్దమే చిన్నగా వస్తుంది. ఆక్స్ ఒక్కటే ఖాళీగా ఉంటే చిన్న మిక్సర్ ఔట్‌ను అందులో పెట్టాలి. యాంపు దూరంగా ఉండి కానన్ (ఎక్స్‌ఎల్‌ఆర్) పిన్ను వైరే అందుబాటులో ఉంటే డీఐ బాక్స్ మధ్యలో పెట్టాలి. అది సంకేతాన్ని మైక్ స్థాయికి దించి, బాలెన్స్డ్‌గా, అంటే రెండు తీగల మీద ఒకదానికొకటి తలకిందులుగా మార్చి, 30, 40 మీటర్ల దూరం కూడా హమ్ లేకుండా పంపుతుంది.

హెడ్‌ఫోన్ జాక్ దగ్గర జాగ్రత్త

ఇళ్లలో వాడే చాలా చిన్న కీబోర్డులకు లైన్ ఔట్ ఉండదు, హెడ్‌ఫోన్ జాక్ ఒక్కటే ఉంటుంది. అందులో ఎడమ, కుడి శబ్దాలు రెండూ ఒకే పిన్నులో విడివిడి వలయాల మీద వస్తాయి. దానిలో మామూలు మోనో పిన్ను గుచ్చితే కుడి ఔట్‌పుట్ నేరుగా భూమికి షార్ట్ అవుతుంది. స్టీరియో పిన్నే గుచ్చి, అవతలి చివరను మిక్సర్‌లోని బాలెన్స్డ్ లైన్ ఇన్‌పుట్‌లో పెడితే మరింత విచిత్రం జరుగుతుంది. బాలెన్స్డ్ ఇన్‌పుట్ చేసే పనే రెండు వైర్ల మధ్య తేడాను మాత్రమే తీసుకోవడం. ఎడమలోంచి కుడిని తీసివేస్తే రెండింటిలోనూ ఒకేలా ఉన్న బేస్, డ్రమ్స్, మధ్యలో వినిపించే లీడ్ మాయమైపోతాయి. మిగిలేది నూతిలోంచి వచ్చినట్టు ఉండే ప్రతిధ్వనీ, అంచుల్లో శబ్దాలూ. కీబోర్డు చెడిపోయిందని రిపేరుకు ఇచ్చేంత కంగారు పెట్టే లక్షణం ఇది. స్టీరియో పిన్నును రెండు మోనో పిన్నులుగా విడదీసే వైరు కొని, మిక్సర్‌లోని స్టీరియో చానల్‌లో పెడితే సమస్య అక్కడితో సరి.

ఎల్/మోనో, ఆర్ అని రెండు జాక్‌లు ఉన్న కీబోర్డుల్లో ఇంత ఇబ్బంది లేదు. ఎల్/మోనోలో ఒక్కటే పెడితే లోపల కీబోర్డే రెండింటినీ సరిగా కలిపి ఇస్తుంది. యాంపు ఎలాగూ మోనో అయితే రెండు వైర్లు లాగడం అనవసరం. అయితే రెండు మైకులతో రికార్డు చేసిన కొన్ని పియానో టోన్లు మోనోలో పలచబడి వినిపిస్తాయి. చాలా కీబోర్డుల్లో పేరులో మోనో అని ఉండే పియానో టోన్ విడిగా ఉండేది అందుకే. స్టేజి మీద అదే ఎంచుకోవడం మేలు.

మిక్సర్ లేకుండా ఇంకో మార్గం ఆక్స్ ఇన్. యమహా, క్యాసియో పోర్టబుల్ కీబోర్డుల్లో చాలావాటికి వెనక ఒక చిన్న 3.5 మిల్లీమీటర్ల ఇన్‌పుట్ ఉంటుంది. ఫోన్లో పాట పెట్టుకుని సాధన చేసేందుకు ఇచ్చినదది. ఒక కీబోర్డు శబ్దాన్ని రెండోదాని ఆక్స్ ఇన్‌లోకి పంపితే కలిపే పని ఆ రెండో కీబోర్డు లోపలి మిక్సర్ చేసిపెడుతుంది, ఒకే ఔట్‌పుట్ యాంపుకు పోతుంది. ఇంట్లో పిల్లలిద్దరు కలిసి నేర్చుకునే చోట ఇంతకంటే చవకైన పద్ధతి లేదు. కొన్ని మోడళ్లలో ఆక్స్ ఇన్ శబ్దం లోపలి స్పీకర్లకే వెళుతుందా, ఔట్‌పుట్‌కూ వెళుతుందా అన్నది మాన్యువల్‌లో చూసుకోవాలి.

శబ్దాన్ని కాకుండా మీటలను కలపడం

ఒక్కరే రెండు కీబోర్డులు వాయిస్తూ, టోన్లన్నీ ఒకదానిలోనే బాగున్నాయనుకుంటే రెండో ఆడియో వైరు అవసరమే ఉండదు. 1983 జనవరిలో అమెరికాలోని అనహైమ్‌లో జరిగిన నామ్ సంగీత పరికరాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వారి ప్రాఫెట్-600ను, రోలాండ్ వారి జూపిటర్-6ను ఒక వైరుతో కలిపి చూపించారు. ఒకదాని మీట నొక్కితే రెండోది పలికింది. అదే మిడి. పోటీ కంపెనీలు రెండు కలిసి ఒకే భాషకు ఒప్పుకోవడం సంగీత పరికరాల చరిత్రలో నిజంగా గొప్ప ఘట్టం. దానికి కృషి చేసిన సీక్వెన్షియల్ వ్యవస్థాపకుడు డేవ్ స్మిత్, రోలాండ్ వ్యవస్థాపకుడు ఇకుతారో కకెహాషీలకు 2013లో టెక్నికల్ గ్రామీ దక్కింది. మిడి వైరులో శబ్దం పోదు. ఏ మీట, ఎంత బలంతో, ఎప్పుడు నొక్కారన్న సమాచారమే సెకనుకు 31,250 బిట్ల వేగంతో, 16 చానళ్లలో పోతుంది. పై కీబోర్డు మిడి ఔట్‌ను కింది కీబోర్డు మిడి ఇన్‌కు కలిపి, పైదాన్ని 2వ చానల్‌లో పెట్టి, కిందిదానిలో ఆ చానల్‌కు స్ట్రింగ్స్ ఎంచుకుంటే యాంపుకు ఒక వైరు చాలు. రెండు చేతుల స్వరాలూ ఒకే కీబోర్డు పాలీఫనీని (ఒకేసారి పలికించగల స్వరాల సంఖ్యను) పంచుకుంటాయన్నది గుర్తుంచుకోవాలి. 64 స్వరాల పరికరంలో సస్టెయిన్ పెడల్ తొక్కి పెట్టి స్ట్రింగ్స్ కలిపితే పాత స్వరాలు తెగిపోవడం మొదలవుతుంది.

ఇక్కడ కూడా ఔట్‌పుట్ల సూత్రం మారదు. రెండు మిడి ఔట్‌లను వై వైరుతో ఒక మిడి ఇన్‌లోకి పంపితే సందేశాలు ఒకదానిలో ఒకటి కలిసి అర్థం లేకుండా పోతాయి. దానికీ మెర్జర్ అనే పరికరం కావాలి. కొత్త చిన్న కీబోర్డుల్లో ఐదు పిన్నుల మిడి సాకెట్ తీసేసి యూఎస్‌బీ టు హోస్ట్ మాత్రమే ఇస్తున్నారు. అలాంటివి రెండింటిని యూఎస్‌బీ వైరుతో నేరుగా కలిపితే ఏమీ జరగదు, ఎందుకంటే రెండూ ఆజ్ఞ కోసం ఎదురుచూసేవే. మధ్యలో కంప్యూటరో, ఫోనో ఉండాలి.

హమ్, కరెంటు

విడివిడిగా పెడితే నిశ్శబ్దంగా ఉన్న రెండు కీబోర్డులు కలిపినప్పుడు మాత్రం బొంయ్‌మని మోగుతాయి. ఒక పరికరం ఒక ప్లగ్గు నుంచి, ఇంకోటి హాలు అవతలి ప్లగ్గు నుంచి కరెంటు తీసుకుంటే, ఎర్త్ వైర్లూ ఆడియో వైర్ల షీల్డూ కలిసి పెద్ద వలయంగా మారతాయి. ఆ వలయంలో మన 50 హెర్ట్జ్ కరెంటు, దాని రెట్టింపు 100 హెర్ట్జ్ హమ్‌గా వినిపిస్తాయి. కీబోర్డులు, మిక్సర్, యాంపు అన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి నడిపితే చాలాసార్లు అక్కడితో పోతుంది. పోకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఐసొలేటర్ గానీ, డీఐ బాక్స్ మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ గానీ వాడాలి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టి హమ్ పోగొట్టేవాళ్లున్నారు. హమ్ పోతుంది, దానితోపాటు షాక్ నుంచి కాపాడే ముఖ్యమైన దారీ పోతుంది. వానాకాలం తడి స్టేజి మీద, జనరేటర్ కరెంటు మీద ఇది ప్రాణాంతకం. ఎంత టెన్షన్‌లో ఉన్నా ఆ పని చేయకూడదు.

ఒకే స్పీకరు, ఇద్దరి చేతులు

వైర్లన్నీ సరిగ్గా ఉన్నా రెండు కీబోర్డుల శబ్దం బురదలా వినిపించే సందర్భాలు ఉన్నాయి. ఒకే బలంతో వచ్చే రెండు వేర్వేరు శబ్దాలు కలిస్తే మొత్తం 3 డెసిబెల్‌లు పెరుగుతుంది. అంటే ఒక్క కీబోర్డుకు 50 వాట్లు చాలిన హాలులో, ఇద్దరూ అదే గట్టిదనంతో చీలకుండా వినిపించాలంటే 100 వాట్ల యాంపు కావాలి. పైగా స్పీకరు కోను ఒక్కటే. పియానో అట్టడుగు స్వరం 27.5 హెర్ట్జ్, పైచివరి స్వరం 4,186 హెర్ట్జ్. కిందివాడు ఎడమ చేత్తో బేస్ పట్టినప్పుడు కోను ముందుకీ వెనక్కీ పెద్దగా ఊగుతుంది, అదే సమయంలో పైవాడి ఫ్లూటు కూడా ఆ ఊగే కోను మీదే ప్రయాణించాలి. ఫ్లూటు వణికినట్టు వినిపించేది అందువల్లే.

దీనికి మందు చాలావరకు వాయించేవారి దగ్గరే ఉంది. ఇద్దరిలో ఒకరే బేస్ తీసుకోవాలి, రెండోవారు మధ్య సప్తకం నుంచి పైన ఉండాలి. రెండోదాని చానల్‌లో 'లో' (బేస్) నాబును కొంచెం తగ్గిస్తే అనవసరమైన గుమగుమ పోతుంది. ఇద్దరూ స్ట్రింగ్స్ టోన్ పెట్టుకుంటే ఎవరి స్వరం ఎవరిదో తెలియదు. ఒకరు పియానో, మరొకరు ప్యాడ్ లేదా ఫ్లూటు ఎంచుకుంటే తక్కువ వాల్యూమ్‌లోనే రెండూ విడిగా వినిపిస్తాయి. ఆ సర్దుబాటు కూడా స్టేజి మీద నిలబడి కాకుండా, ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు హాలు మధ్యలో కూర్చుని విని చేయాలి. యాంపు పక్కనే ఉన్నవారికి బేస్ ఒకలా, చివరి వరుసలో కూర్చున్నవారికి ఇంకోలా వినిపిస్తుంది. కార్యక్రమం మొదలయ్యే ముందు కీబోర్డులు, మిక్సర్ ఆన్ చేశాకే యాంపు ఆన్ చేయాలి. అయిపోయాక ముందుగా ఆపాల్సింది యాంపునే.